పదకొండో నిబంధన

దార్ఖాన్, ఫిబ్రవరి. బయట మైనస్ ముప్ఫై నాలుగు.
స్కూలు జిమ్ తలుపు తెరిచినప్పుడల్లా
పిల్లల కంటే ముందు వాళ్ళ ఊపిరి లోపలికొస్తుంది.

ముప్ఫై ఏళ్ళు రైల్వేలో సిగ్నళ్ళు చూసినవాణ్ణి.
ఎరుపంటే ఎరుపు. పచ్చంటే పచ్చ.
అందుకే కాబోలు పిలిచి
మెడలో జడ్జి కార్డు వేశారు,
చేతిలో ఒక టాబ్లెట్ పెట్టారు.
కోడ్ చూపిస్తే చాలు, రాసింది మనిషో యంత్రమో
శాతాల్లో చెబుతుందట.
యంత్రం మీద చాడీలు చెప్పడానికి ఇంకో యంత్రం.

పదకొండో నిబంధన నాకు కంఠతా వచ్చు.
ఏఐ సాయం తీసుకోవచ్చు.
తీసుకుంటే లాగ్ పుస్తకంలో రాయాలి.
ప్రతి వరుసా ఎందుకుందో
అడిగితే నోటితో చెప్పాలి.

నాలుగో బల్ల. నొమూన్, పదమూడేళ్ళు.
ఆమె కోడ్ చూసి టాబ్లెట్ తొంభై ఒకటి అంది.
ఎర్ర దీపం.
"ఈ సున్నా పాయింట్ ఎనభై మూడు ఎక్కడిది?"
కాసేపు నీళ్ళు నమిలింది.
తర్వాత కోటు గుండీ విప్పి
లోపలి జేబులోంచి బ్యాటరీ తీసి
నా అరచేతిలో పెట్టింది.
పిట్టపిల్లలా వెచ్చగా ఉంది.

"మా గెర్ నుంచి ఇక్కడికి నలభై నిమిషాల నడక.
చలికి దీని బలం పడిపోతుంది.
ఎంత పడిపోతుందో తొమ్మిది రోజులు రాసుకున్నా.
సంచిలో తెస్తే అరవై.
కోటులో పెట్టుకొస్తే ఎనభై మూడు."
పుస్తకంలో తొమ్మిది తేదీలు,
ఒక పాలటీ మరక,
చెరిపి చెరిపి చిరిగిన చోట తెల్ల టేపు.
టాబ్లెట్ ఇంకా తొంభై ఒకటే అంటోంది.
దాన్ని బల్ల మీద బోర్లా పెట్టాను.

కిటికీ పక్క బల్ల. సెర్గెలెన్.
ఎనిమిది శాతం. పచ్చ దీపం.
పేర్లలో అక్షర దోషాలు,
అక్కడక్కడా పనిలేని ఖాళీ వరుసలు.
మనిషి చెయ్యి తగిలినట్టే ఉంది.
మలుపులో ఎడమ చక్రం ఎందుకు ఆగాలి,
సెన్సర్ మీద నీడ పడితే ఏమవుతుంది,
ఏది అడిగినా తడుముకోలేదు.
సంతకానికి పెన్ను తీశాను.
పచ్చ దీపం వెలిగినా
పట్టా మీద చెవి ఆనించి వినే పాత అలవాటు.
"ఈ తప్పులు ఎప్పుడు చేశావు?" అన్నాను.

చెవులు ముందు ఎర్రబడ్డాయి.
"కోడ్ అయ్యాక," అన్నాడు. "రాత్రి."
యంత్రాన్ని అడిగాడు. అది ఇచ్చింది.
దొరక్కుండా ఉండాలంటే తెలిసినట్టు మాట్లాడాలి కదా,
అద్దం ముందు నాలుగు గంటలు కూర్చున్నాడు.
తెలిసినట్టు మాట్లాడుతూ మాట్లాడుతూ
రెండింటికో మూడింటికో
నిజంగానే తెలిసిపోయింది.

కన్నం వెయ్యడానికి వెళ్ళి
గోడ కట్టడం నేర్చుకొచ్చిన దొంగ.
వీణ్ణి ఏ స్టేషన్లో అప్పగించాలి?

ఇరవై మార్కులు కోశాను.
"ముందే రాసి ఉంటే ఎన్ని పోయేవి?"
"ఒక్కటి కూడా పోయేది కాదు."

వాడికి నేను చెప్పనిది ఒకటుంది.
పట్టాల మీద రైలు ఉండటం తప్పు కాదు బాబూ,
రిజిస్టర్లో లేని రైలు ఉండటమే తప్పు.
అలాంటి ఒక రాత్రి తర్వాత
లాంతరు పట్టుకుని మంచులో బూట్లు ఏరాను.
పదిహేనేళ్ళవాడికి అదెలా చెప్పను?
వాడు ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.
చక్రానికి అంటిన దుమ్ము
గోటితో చాలాసేపు గీకాడు.

గెలిచింది ఎర్దెనెత్ జట్టు.
వాళ్ళ మొహాలు కూడా గుర్తులేవు.
నొమూన్ రోబో
గీతకి జానెడు ఇవతల ఆగిపోయింది.

సాయంత్రం బస్టాపులో నివేదిక పంపుదామని
టాబ్లెట్ తీస్తే
చలికి చచ్చి ఊరుకుంది.
నల్లటి అద్దంలో నా మీసం, మీసం మీద మంచు.
తిట్టుకుంటూ కోటు గుండీ విప్పి
ఆ చాడీకోరుదాన్ని
పక్కటెముకలకి ఆనించి పెట్టుకున్నాను.